నలభై మూడో కార్డు

పోయిన నెల మూడో శనివారం ఉదయం పదింటికి మా మూలకుళం ఇంటికి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. పదింటికి వస్తానని చెప్పి పదింటికే వచ్చింది కాబట్టి ఆమె మీద నాకు మొదటే మంచి అభిప్రాయం కలిగింది. పేరు దివ్య. సమాజశాస్త్రం పాఠాలు చెప్పుకునే ఒక స్త్రీ ప్రతిపక్ష రాజకీయాల్లోకి ఎందుకు దిగింది, దిగి అక్కడే ఎందుకు ఉండిపోయింది అన్నది ఆమె రాస్తున్న పుస్తకంలో ఒక అధ్యాయం. ఆ స్త్రీని నేనే. ఆరుసార్లు ఎన్నికల్లో నిలబడ్డాను, రెండుసార్లు గెలిచాను, నాలుగుసార్లు ఓడాను. నేను గెలిచిన రెండుసార్లూ మా పార్టీ ఓడింది. అందువల్ల అధికార పక్షం కుర్చీ ఎంత మెత్తగా ఉంటుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

"మాది నటేశన్ నగర్, మేడమ్. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. చదవను మాత్రం రాదు" అంటూ సంచిలోంచి జిరాక్స్ కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. నేను మొదటిసారి అచ్చు వేయించిన నివేదిక. వైతికుప్పంలోని బెస్తవాళ్ళ ఇళ్ళలో చేసిన సర్వే. "ఇది ఇప్పటికీ మాకు క్లాసులో చెప్తారు. పొయ్యిని పట్టి కుటుంబాన్ని లెక్కపెట్టేదానికి మీ సర్వేనే మాదిరి అంటారు" అంది సంతోషంగా. మొదటి పేజీలోనే ఉంది: మొత్తం కుటుంబాలు నలభై మూడు. ఆ సంఖ్యను నా థీసిస్‌లో కొట్టేశాను, మైకులో కొట్టేశాను, అసెంబ్లీలో కూడా ఒకసారి కొట్టేశాను. కానీ అంతకుముందే అచ్చయిన నివేదిక లైబ్రరీల్లో అట్లాగే కూర్చుని ఉందని, పిల్లలకు పాఠమై పోయిందని నాకు తెలియదు. నేను లేచి లోపలికి వెళ్ళి బీరువాలోంచి గుడ్డ మూట తెచ్చాను. అందులో నలభై మూడు కార్డులు ఉన్నాయి, వల నూలుతో కట్టిన కట్టు. ఆ ముడి వేసింది మా నాయన.

మా నాయనకు బజారులో తాళ్ళు, వల నూలు అమ్మే కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ముత్తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఈ తమిళ ఊళ్ళో స్థిరపడిన కుటుంబం మాది. కొబ్బరి పీచు వాసన, తాళ్ళకు పూసే తారు వాసన, వాటిని దాటుకుని వంటింట్లోంచి వచ్చే చింతపండు పులుసు వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఇంటికి పెద్ద మా అవ్వ, నాయన తల్లి. అక్షరం రాదు, లెక్క మాత్రం ఎవరి దగ్గరా తప్పనిచ్చేది కాదు. పొద్దున ఆరున్నరకు మానికలాంటి ఇత్తడి పడి పట్టుకుని బియ్యం డబ్బా ముందు పీట వేసుకునేది. బియ్యం కొలిచేది మా అమ్మ. నేను ఎదిగాక ఆ పని నాకు వచ్చింది. కొలిచే ముందు గట్టిగా లెక్క చెప్పాలి.

"ఈ పూట ఎంతమందే?"

"తొమ్మిది, అవ్వా."

"నిన్న పది గదా. ఆ ఒకటి యాడ పోయింది?"

"చిన్నాయన కడలూరు పోయినాడు."

"అట్ల పేరు పెట్టి చెప్పు. ఉత్త లెక్క నాకెందుకు? తొమ్మిదంట, తొమ్మిది! మనుషులా, కొబ్బరికాయలా?"

ఆ ఇంట్లో పొయ్యిలు రెండు. తాతయ్య పోయినప్పటి నుంచి అవ్వ నీసు ముట్టలేదు. తన అన్నం తను విడిగా మూల పొయ్యి మీద వండుకునేది. మేమంతా పెద్ద పొయ్యి మీది చేపల పులుసు తినేవాళ్ళం. శుక్రవారం మాత్రం రెండు పొయ్యిల మీదా పప్పే. పద్దెనిమిదేళ్ళు ఆ రెండు పొయ్యిల మధ్య పెరిగి, ఆ తర్వాత కాలేజీకి వెళ్ళి, ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు ఒక కుటుంబం అన్న నిర్వచనాన్ని నోట్సులో రాసుకుని దాని కింద గీత కూడా గీశాను. మా ఇంటికి వేసి చూద్దామన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. తెలివైన విద్యార్థిని అని పేరు తెచ్చుకున్నాను మరి.

ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్‌గా చేరిన రెండో ఏడు, థీసిస్ కోసం వైతికుప్పం ఎంచుకున్నాను. అక్కడి ఆడవాళ్ళు మా కొట్టులో నూలు కొనేవాళ్ళు కాబట్టి ముఖాలు తెలుసు. తమిళ నెల ఐప్పసిలో, ఇక్కడ వానలు ముసురుకునే కాలంలో, కాలేజీకి వాన సెలవులు వచ్చాయి. నాకు దొరికిన తీరిక అదే. వాన మొదలైన పదకొండో రోజున గొడుగు వేసుకుని వెళ్ళాను. తొమ్మిది రోజుల్లో సర్వే పూర్తి చేశాను. సముద్రం మీదికి పోలేక మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకుంటూ ఉండేవాళ్ళు. ఆడవాళ్ళు నాకు తడవని చోటు చూపించి ముక్కాలి పీట వేసేవాళ్ళు. నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ పొయ్యి మీద ఎంతమంది తింటారు? చివరి గుడిసెకు వచ్చేసరికి కార్డు నంబరు నలభై మూడు. అది అంజలై వాళ్ళది. అంజలైకి అప్పుడు ముప్పై దాటి ఉండవు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగే మనిషి, గొంతు పెద్దది.

"పదిహేడు మంది, టీచరమ్మా" అంది. అంజలై మాట్లాడేది తమిళం. ఆ మాట బరువు పోకుండా మా ఇంటి తెలుగులో రాస్తున్నాను. నేను ఆనందంగా పదిహేడు అని రాసుకున్నాను. అట్లాంటి పెద్ద కార్డులు మొత్తం పన్నెండు వచ్చాయి. నగరాల్లో ఉమ్మడి కుటుంబం చెదిరిపోతుంటే బెస్తపాలెంలో అది చెక్కుచెదరకుండా ఉందని ఒక అధ్యాయం రాశాను. మా ప్రొఫెసర్ గారు దాన్ని చదివి నా భుజం తట్టారు. తన పరిచయంతో విడిగా నివేదికగా అచ్చు వేయించారు. ఆ ఏడు కాలేజీ మొత్తం మీద అచ్చులో పేరు చూసుకున్న లెక్చరర్లలో నేనే చిన్నదాన్ని. ఇంట్లో అందరికీ చూపించాను. అవ్వ కాగితాన్ని వేళ్ళతో తడిమి "ఇందులో మనుషుల పేర్లుండాయా?" అని అడిగింది. లేవన్నాను. ఆమె తిరిగి ఇచ్చేసింది.

మరుసటి ఏడు తుఫాను వచ్చింది. ఒడ్డు వెంట ఉన్న గుడిసెలన్నీ పోయాయి. ప్రాణాలు పోలేదు, ముందే పాఠశాలకు తరలించారు. ప్రభుత్వం పక్కా ఇళ్ళు కట్టిస్తానంది, కుటుంబానికి ఒకటి. మూడో వారంలో జాబితా పాఠశాల గోడకు అంటించారు. నలభై మూడు ఇళ్ళు. జాబితా అడుగున, ఏ ఆధారంతో ఈ లెక్క వేశారో రాసి, నా నివేదిక పేరు ఉంది. ఆ సంగతి నాకు తెలిసింది అంజలై నోటి వెంటే. మిట్టమధ్యాహ్నం ఖాళీ బుట్టతో వచ్చి మా కొట్టు మెట్ల మీద నిలబడింది.

"యాడ మీ కూతురు? బయటికి రమ్మను, సేట్టూ!"

మా నాయన కంగారుగా లోపలికి చూశాడు. నేను వచ్చాను.

"ఏం టీచరమ్మా, మేం పదిహేడు మందిమి ఒక కుటుంబమా? నా మరిది సంసారం, నా సంసారం ఒకటా? పక్కగుడిసె పచ్చైయమ్మ నాకేమన్నా సవతా?"

"ఒకే పొయ్యి మీద తింటామని నువ్వే చెప్పినావు గదా అంజలై."

"నువ్వు అడిగినదానికి చెప్పినాను. అడగనిదానికి ఎట్ల చెప్తాను? కుటుంబాలు ఎన్నని నువ్వు అడిగినావా?"

వంటింట్లోంచి మా అవ్వ గోడ పట్టుకుంటూ వచ్చింది. మాటలన్నీ విన్నట్టుంది. "ఏ నెలలో పోయినావే నువ్వు లెక్కకు?" అని నన్నే అడిగింది.

"ఐప్పసిలో, అవ్వా."

"వానలో తడి కట్టెలు పెట్టుకొని ఎవురే ఇంటికొక పొయ్యి ముట్టించేది? పొడి చోటు యాడుంటే ఆడ నలుగురూ కలిసి వండుకుంటారు. ఈ మాత్రం తెలియదా? మన ఇంట్లో రెండు పొయ్యిలుండాయి. మనం రెండు కుటుంబాలా ఏంది? నేను నీకు పక్కింటిదాన్నా?"

అంజలై అంత కోపంలోనూ నవ్వింది. అవ్వ ఆమెకు మజ్జిగ ఇచ్చి, మెట్టు మీద కూర్చోబెట్టి, తాపీగా అడిగింది: "మరి మీలో మీకు ఎవురి సంసారం ఎవురిదని ఎట్ల తెలుస్తాదమ్మా?"

"కొళాయి కాడ తెలుస్తాది, పెద్దమ్మా. పొద్దున్నే నీళ్ళ వరసలో ఇంటికొక బిందె పెడతాం. మెడకు రంగు గీత ఉంటాది, ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు. పొయ్యి ఇస్తాం, ఉప్పు ఇస్తాం. వరసలో బిందె చోటు మాత్రం కన్నకూతురికి గూడా ఇయ్యం."

మరుసటి రోజు ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్ళాను. లెక్క తప్పు, అధ్యాయం వెనక్కి తీసుకుంటాను, ఆఫీసుకు ఉత్తరం రాద్దాం అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకు గురువు. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఆ అధ్యాయం తీసేస్తే థీసిస్‌లో ఏం మిగులుతుందమ్మా? పద్ధతి సరైనదే. ఆఫీసువాళ్ళు దాన్ని ఎట్లా వాడుకున్నారన్నది మన బాధ్యత కాదు" అన్నారు. నా అంతట నేను ఉత్తరం రాశాను. వారం తిరగకుండా కాలేజీ నుంచి మెమో వచ్చింది, ప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వ జాబితాను తప్పుపట్టరాదని. ఆ వారమే ప్రతిపక్షంలో ఉన్న లాయరు దామోదరన్ గారు మా కొట్టుకు వచ్చారు. శుక్రవారం సాయంత్రం మార్కెట్ పక్క మైదానంలో సభ పెడుతున్నామని, నేను వచ్చి లెక్క తప్పని చెప్తే చాలునని అన్నారు. చెప్పాలంటే ఉద్యోగం వదులుకోవాలి. అది ఆయనా దాచలేదు.

ఆ రోజు మా నాయన అన్నం సగంలో లేచాడు. తను ఎనిమిదో తరగతితో ఆగిపోయిన మనిషి. కూతురు గవర్నమెంటు కాలేజీలో పాఠాలు చెప్తుందని నూలు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకునేవాడు.

"రాజీనామా కాయితం ఒక్క వారం ఆపుకోరాదా అమ్మా?"

"సోమవారం పునాదులు తవ్వుతారు నాయనా. నలభై మూడు గుంతలే తవ్వుతారు. ఆ తర్వాత లెక్క సరయిందని చెప్పినా, చోటు లేదంటారు."

"వేరే ఎవురన్నా చెప్పకూడదా?"

"తప్పు నాది గదా."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. కొట్టులోకి వెళ్ళి కండె నుంచి మూర పొడుగు వల నూలు కోసుకొచ్చి, బల్ల మీద చెల్లాచెదురుగా ఉన్న కార్డులను వరసగా పేర్చి, బెస్తవాళ్ళు వేసే ముడి వేశాడు. "సభకు తీసుకొనిపో. గాలికి ఎగిరిపోతాయి" అన్నాడు. మధ్యాహ్నం రాజీనామా రిజిస్టర్ పోస్టులో పంపాను. రసీదు ఇంకా నా దగ్గర ఉంది.

సభకు వైతికుప్పం ఆడవాళ్ళు బుట్టలతోనే వచ్చారు. నా ముందు మాట్లాడిన నలుగురూ ప్రభుత్వం కావాలనే లెక్కలు తారుమారు చేసిందని గొంతులు చించుకున్నారు. నా వంతు వచ్చేముందు దామోదరన్ గారు చెవిలో "అమ్మా, మీ తప్పు అనకండి. గవర్నమెంటు మోసం అనండి, చాలు" అన్నారు. నేను మైకు దగ్గరికి వెళ్ళి కార్డుల కట్టు చూపించి, ఈ లెక్క వేసింది నేను, ఈ లెక్క తప్పు, వానలో పొయ్యిలు లెక్కపెట్టి కుటుంబాలనుకున్నాను అని చెప్పాను. అడిగి సరిచూసుకోకుండా జాబితా వేయడం ఆఫీసు తప్పు, మొదటి తప్పు మాత్రం నాదే అన్నాను. వేదిక మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కింద నుంచి అంజలై గొంతు వచ్చింది.

"సరే, తెలిసింది గదా! రేపు పొద్దున్నే వచ్చి సరిగ్గా లెక్కపెట్టు! గొడుగు ఇంటి కాడ పెట్టి రా!"

మైదానమంతా నవ్వింది. దామోదరన్ గారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా. నా రాజకీయ జీవితం ఆ నవ్వులో మొదలయింది. ఆ తర్వాత ఎన్నో సభల్లో మాట్లాడాను, దండలు వేయించుకున్నాను, అరెస్టయ్యాను. అంత శుభ్రమైన నవ్వు మళ్ళీ వినలేదు.

మరుసటి ఉదయం అయిదున్నరకు కొళాయి దగ్గర ఉన్నాను. ఈసారి అవ్వ చెప్పినట్టే చేశాను. ఒక్కొక్క బిందె దగ్గర నిలబడి, రంగు చూసి, అది ఎవరిదో అడిగి, ఆమె పేరు, ఇంట్లోవాళ్ళ పేర్లు రాసుకున్నాను. అరవై రెండు బిందెలు. పన్నెండు పెద్ద కార్డుల్లో అయిదింట్లో రెండేసి కుటుంబాలు, ఏడింట్లో మూడేసి ఉన్నాయి. నా గొప్ప ఉమ్మడి కుటుంబాలు అవి. నేను లెక్కలో వదిలేసింది పంతొమ్మిది సంసారాలను. ఆ కాగితంతో దామోదరన్ గారు కోర్టుకు వెళ్ళారు. పునాదులు ఆగాయి. జాబితా తిరగరాయడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో ఇరవై ఏడు అర్జీలు రాశాను. ప్రతిదాంట్లోనూ పేర్లే. గుమాస్తాలు విసుక్కునేవాళ్ళు, సంఖ్య రాస్తే చాలు కదమ్మా అని. చాలదని చెప్పేదాన్ని. ఆ రెండో ఏడు చివర మా అవ్వ పోయింది. ఆమె మూల పొయ్యిని ఆ తర్వాత ఎవరూ ముట్టించలేదు.

థీసిస్ కొత్త లెక్కతో మళ్ళీ రాశాను. డాక్టరేటు మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తూనే ఎన్నికల్లో నిలబడ్డాను. ఇప్పుడు మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. ఉన్నది నేను, మా చెల్లెలు. కొళాయి లోపలికే వచ్చింది, వైతికుప్పంలో కూడా అంతే. అక్కడ ఇప్పుడు బిందెల వరస లేదు, రంగు గీతలు లేవు. సర్వేకు వచ్చేవాళ్ళు గుమ్మం బయటే నిలబడి సెల్‌ఫోను మీద వేలితో నొక్కుకుని పోతారు. ఆ రోజులు గొప్పవని నేను అనను. నీళ్ళ కోసం నిలబడినవాళ్ళెవరూ అనరు. కానీ నాకు ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టేవాళ్ళు. కూర్చుని కూడా సరైన ప్రశ్న అడగలేకపోయిన నేను, నిలబడి అడిగేవాళ్ళను చూసి భయపడకుండా ఎట్లా ఉంటాను?

ఇదంతా విన్నాక దివ్య జిరాక్స్ కాగితాల అంచులు సర్దింది.

"ఇది మొత్తం రాయాల్నా, మేడమ్? మీ గురించి మరియాదగా రాయాలనుకున్నాను."

"మరియాదగానే రాయి. నలభై మూడు తప్పని రాయి. క్లాసులో చెప్పే మీ సార్లకూ చెప్పు. అరవై రెండు. రాసుకొని పైకి చదువు."

రాసుకుంది. పైకి చదివింది. "అయితే పంతొమ్మిది ఇండ్లూ వచ్చినాయి గదా, మేడమ్?"

"పద్దెనిమిది."

ఆమె కలం ఆగింది. నేను కట్టు విప్పి నలభై మూడో కార్డు తీశాను. అందులో నా అక్షరాలతో అంజలై మామగారి పేరు, దాని పక్కన పదిహేడు అన్న అంకె, అంతే. అంజలై సంసారం ఆరుగురు, మరిదిది ఎనిమిది మంది. మిగిలిన ముగ్గురికీ కొత్త జాబితా వచ్చేదాకా ఆగే ఓపిక లేకపోయింది. మొగుడు లేని మనిషి, టార్పాలిన్ కింద రెండో వానాకాలం గడపలేక పిల్లలతో ఎటో వెళ్ళిపోయింది. కడలూరు దాకా వెతికించాను. ఆమె తిరిగొస్తుందని అంజలై అయిదు నెలల పాటు రోజూ తన బిందె పక్కన ఆ ఆకుపచ్చ గీత బిందెను కూడా వరసలో పెట్టి, నీళ్ళు పట్టి, పారబోసింది. విచారణకు వచ్చిన ఆఫీసరు బిందెను చూసి, మనిషి ఎక్కడ అని అడిగి, పేరు కొట్టేశాడు.

"ఆ ఒక్కటి ఎవరిది, మేడమ్?" అంది దివ్య.

మా అవ్వ అడిగినట్టే అడిగింది. నేను కార్డు ఆమె ముందుకు జరిపాను.

"పేరు పెట్టి రాసుకో. పచ్చైయమ్మ. పెద్దపిల్ల సెల్వి, చిన్నది కావేరి. పొయ్యి అంజలైది. బిందె తనది."